తెలిసిన చోటే తప్పు కనిపిస్తుంది

బీటెక్ కంప్యూటర్ సైన్స్ పిల్లలు చదివే సబ్జెక్టుల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి దక్కే గౌరవం తక్కువ. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల కాలేజీ హాస్టళ్లలో ‘ఎస్‌టీఎం’ అని పిలిచే ఈ సబ్జెక్టు పేరెత్తితే ముందురోజు రాత్రి చదివినా గట్టెక్కవచ్చనే అంటారు. ఉద్యోగాల దగ్గరా అదే చిన్నచూపు. క్యాంపస్‌లో ఎంపికైన కుర్రాడికి కంపెనీలో టెస్టింగ్ పని ఇస్తే ‘టెస్టింగ్‌లో పడేశారు’ అని ఇంటికి ఫోన్ చేస్తాడు. ఈ ప్రాంతంలో ఆ పాఠమే చెబుతూ బతుకుతున్న మనిషిని కనుక ఆ మాట నాకు బాధగా ఉంటుంది. పిల్లల్ని మాత్రం తప్పు పట్టలేను. ఆ సబ్జెక్టు వాళ్ల ముందుకు వచ్చే తీరే అలా ఉంది.

జేఎన్టీయూ సిలబస్‌లో ఏళ్ల తరబడి ఉన్న పాఠ్యపుస్తకం బోరిస్ బైజర్ రాసిన ‘సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టెక్నిక్స్’. ఫ్లోగ్రాఫులు, పాత్ టెస్టింగ్, డేటాఫ్లో, డొమైన్ టెస్టింగ్, స్టేట్ గ్రాఫులు, గ్రాఫ్ మ్యాట్రిక్సులు వరసగా యూనిట్లుగా వస్తాయి. ఆయన రాసింది గట్టి పుస్తకం. పెద్ద ప్రోగ్రాములతో కుస్తీ పట్టి అలసిన ఇంజినీరు చదివితే ప్రతి పేజీ దగ్గరా ఆగుతాడు. ఇరవై ఏళ్లు నిండీ నిండని పిల్లలకు ఆ అలసట ఇంకా తెలియదు. జబ్బు చూడకముందే మందుల పేర్లు బట్టీపట్టినట్టు అవుతుంది వాళ్ల చదువు.

ల్యాబ్ రికార్డుల్లో ఒక గడి ఉంటుంది. టెస్ట్ కేసు రాసే పట్టికలో ఇన్‌పుట్, ఆశించిన ఫలితం, వచ్చిన ఫలితం, పాస్ లేదా ఫెయిల్ అని వరసలు గీస్తారు. వీటిలో ప్రాణమున్న గడి ‘ఆశించిన ఫలితం’. ప్రోగ్రామ్‌ని నడపకముందే, అది ఏం చెప్పాలో మనం రాసిపెట్టుకోవాల్సిన చోటు అది. మా పిల్లలు రికార్డు రాసే తీరు చాలాకాలం గమనించాను. ముందు ప్రోగ్రామ్ నడుపుతారు. తెర మీద వచ్చిన అంకెను చూస్తారు. దాన్నే రెండు గడుల్లోనూ రాస్తారు. అన్నీ పాస్. రికార్డు శుభ్రం, సంతకం ఖాయం. ఇది బద్ధకం వల్ల జరిగేది కాదు. ఆ గడిలో ఏం రాయాలో వాళ్లకు నిజంగా తెలియదు. ఏదో దేశపు బ్యాంకు వడ్డీ లెక్క, ఎప్పుడూ ఎక్కని విమానం టికెట్ల బుకింగ్, పాఠం కోసమే పుట్టిన లైబ్రరీ ప్రోగ్రామ్ ఇచ్చి తప్పులు వెతకమంటే ఏది ఒప్పో తెలియనివాళ్లు తప్పెలా పట్టగలరు?

టెస్టింగ్ శాస్త్రంలో దీనికి ఒరాకిల్ సమస్య అని పేరు. ఫలితం సరైనదో కాదో తేల్చి చెప్పే ఆధారం ఎక్కడినుంచి వస్తుందన్నది ఆ ప్రశ్న. పరిశోధకులు దీనిమీద పేపర్ల మీద పేపర్లు రాశారు. మా తరగతి గదిలో దానికి జవాబు చూపించింది చేపల చెరువుల దగ్గర పెరిగిన పిల్లలు.

కొల్లేరు చుట్టూ ఉన్న ఊళ్లలో చేపల సాగంటే ఏమిటో పరిచయం అక్కర్లేదు. కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపునుంచి వచ్చే పిల్లల్లో శీలావతి, బొచ్చె పేర్లు తెలియనివాళ్లు అరుదు. ఒక బ్యాచ్ వాళ్లు ప్రాజెక్టుగా చేసిన చిన్న ప్రోగ్రామ్ మా దగ్గర ఉండేది. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని సెన్సర్ గంటకోసారి కొలుస్తుంది. ప్రోగ్రామ్ ఆ రోజు సగటు లెక్కగట్టి, సగటు తక్కువైతే నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆన్ చేయమని చెబుతుంది. దాన్ని తర్వాతి బ్యాచ్‌కి టెస్ట్ చేయమని ఇచ్చాను. చాలామంది పుస్తకం చెప్పిన దారిలోనే వెళ్లారు. సరైన అంకె ఒకటి, మైనస్ అంకె ఒకటి, అంకె బదులు అక్షరాలు ఒకసారి ఇచ్చి చూశారు. ప్రోగ్రామ్ అన్నిటికీ తట్టుకుంది.

కైకలూరు వైపునుంచి వచ్చే అబ్బాయి ఒకడు కాసేపు పట్టిక చూసి అన్నాడు: “మేడం, ఇది పగటి చెరువండి. దీనికి రాత్రి లేదు.”

నిలబడి చెప్పమన్నాను. మామూలుగా పేరు పిలిచినా తలెత్తని కుర్రాడు ఆ రోజు బోర్డు దగ్గరికి వచ్చాడు. పగలు ఎండ ఉన్నంతసేపూ నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేస్తుంది. మధ్యాహ్నానికి చెరువు నిండుగా ఉంటుంది. పొద్దుగూకాక తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం ఆగదు. చేపలు, నాచు, అడుగున కుళ్లే మేత అన్నీ అదే ఆక్సిజన్ పీల్చుకుంటాయి. అందుకే తెల్లారగట్ల, పొద్దు పొడవబోయే ముందు, అది అన్నిటికన్నా కిందికి పడుతుంది. ముసురు పట్టిన రోజున ఇంకా పడుతుంది. చేప పైకి తేలి నోరు తెరుస్తుంది. వాడు బోర్డు మీద గంటగంటకీ అంకెలు వేశాడు. మధ్యాహ్నం లీటరుకు 9 మిల్లీగ్రాములు, రాత్రి 5, తెల్లారగట్ల 2. సగటు కడితే 5 పైనే వచ్చింది. ప్రోగ్రామ్ ‘చెరువు బాగుంది’ అంది.

“సగటు బాగుందండి. చేప మాత్రం చచ్చిపోద్ది,” అన్నాడు.

ఆ ఒక్క వాక్యంతో తరగతి లేచి కూర్చుంది. వెనక బెంచీల్లోంచి మాటలు మొదలయ్యాయి. సెన్సర్‌కి పాచి పడితే ఏమవుతుందని ఒక అమ్మాయి అడిగింది. గంటల తరబడి 5.2, 5.2 అని ఒకే అంకె వస్తుంటే ప్రోగ్రామ్ సంతోషంగా ఊరుకుంటోంది. చెరువు గంటకో రకంగా ఉంటుంది కనుక మారని అంకెను నమ్మకూడదని ఆ అమ్మాయి వాదన. ఇంకొకడు కరెంటు సంగతి ఎత్తాడు. ఏరియేటర్‌కి ఆన్ చేయమని ఆదేశం వెళ్లగానే తెర మీద ‘ఆన్’ అని పడిపోతోంది. ఆ సమయానికి కరెంటు లేకపోతే? ఆదేశం వెళ్లడం వేరు, రెక్కలు తిరగడం వేరు.

ఈ మూడింటిలో ఒక్కటీ కోడ్ చదివితే దొరికే తప్పు కాదు. రాసిన కోడ్ రాసినవాళ్లు అనుకున్నట్టే పనిచేస్తోంది. వాళ్లు అనుకున్నదే చెరువుకి సరిపోలేదు. పరిశ్రమలో అనుభవజ్ఞులైన టెస్టర్లు ఏళ్లమీద సంపాదించే చూపు ఇది. మా పిల్లలకు అది ఇంటి దగ్గరే అబ్బింది. ఆ రోజు రికార్డుల్లో ‘ఆశించిన ఫలితం’ గడి అన్నిటికన్నా ముందు నిండింది.

నేను నేర్చుకున్న పాఠం అదే. టెస్టింగ్ మీద ఆసక్తి పుట్టించడానికి పిల్లల్ని నవ్వించనక్కర్లేదు, వీడియోలతో మురిపించనక్కర్లేదు. ఏది సరైనదో తమకు గట్టిగా తెలిసిన వస్తువును వాళ్ల చేతికి ఇవ్వాలి. తెలిసిన విషయంలో అన్యాయం జరుగుతుంటే మనిషి ఊరుకోలేడు. ఆ ఊరుకోలేనితనమే టెస్టర్‌కి పెట్టుబడి.

ఆ తర్వాత పాఠాలన్నిటికీ మా చుట్టుపక్కలే వెతకడం మొదలుపెట్టాను. బౌండరీ వాల్యూ ఎనాలిసిస్ అనే పద్ధతి చెప్పాలి. హద్దు మీద, హద్దుకి కాస్త ఇవతల, కాస్త అవతల ఉన్న విలువలు ఇచ్చి చూడమని దాని సారం, ఎందుకంటే తప్పులు హద్దుల దగ్గరే ఎక్కువగా దాక్కుంటాయి. కొల్లేరు మనిషికి హద్దంటే ఐదో కాంటూరే. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకూ ఉన్న సరస్సును, సుమారు 308 చదరపు కిలోమీటర్లు, 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి వెళ్లింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. లంక గ్రామాల్లో ఏ ఇంట్లో అడిగినా ఆ గీత కథ చెబుతారు.

ఎత్తు ఇస్తే ఆ స్థలం అభయారణ్యం లోపలో బయటో చెప్పే నాలుగు వరసల ప్రోగ్రామ్ రాసి తరగతికి ఇచ్చాను. 4.9 లోపల, 5.1 బయట. మరి సరిగ్గా 5 అయితే? సగం మంది లోపల అన్నారు, సగం మంది బయట అన్నారు. నేనిచ్చిన వివరణ కాగితంలో ఆ సంగతి లేదు. కోడ్‌లో ‘కంటే తక్కువ’ గుర్తు పెట్టాలా, ‘తక్కువ లేదా సమానం’ గుర్తు పెట్టాలా అన్నది అక్కడ వ్యాకరణం ప్రశ్నగా ఉండదు. ఒక గుర్తు తేడాలో ఒక కుటుంబం చెరువు ఉంటుంది. లంక గ్రామపు అమ్మాయి ఒకతె ఇంకో మెట్టు ఎక్కింది. సర్వేవాళ్లు మీటర్లలో ఇస్తే ఏం చేస్తారని అడిగింది. ప్రోగ్రామ్‌కి అడుగులకీ మీటర్లకీ తేడా తెలియదు. 5 అడుగులంటే సుమారు ఒకటిన్నర మీటరు. మూడు మీటర్ల ఎత్తున్న పొలాన్ని కూడా ఆ ప్రోగ్రామ్ సరస్సులో ముంచేసింది.

అప్పుడు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ గురించి చెప్పాను. నాసా అంగారకుడి దగ్గరికి పంపిన ఆ నౌక 1999 సెప్టెంబర్‌లో చేజారిపోయింది. భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ ఇంజన్ల తోపు లెక్కను పౌండ్ల కొలతలో ఇచ్చింది, దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్ల కొలత అనుకుంది. ఆ ముచ్చట స్లైడ్ల మీద చూపించిన ఏళ్లలో పిల్లలు రాసుకుని మరచిపోయేవారు. కాంటూరు లెక్క తర్వాత విన్నప్పుడు “అంటే మన అడుగులూ మీటర్లే కదండి” అన్నారు. దూరపు ఉదాహరణ పనికిరానిదని నేననను. దగ్గరి ఉదాహరణ తర్వాత వస్తే అది నిలుస్తుంది.

దరఖాస్తు ఫారాల విషయంలో కూడా మా పిల్లలకు లోటులేని అనుభవం ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కైకలూరు, కలిదిండి, ముదినేపల్లి, మండవల్లి మండలాలు కృష్ణా నుంచి కొత్త ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. పాత జిల్లాల జాబితాతో తయారైన ఫారంలో ఊరు వెతుక్కునే విద్యార్థికి, పాత డేటాకీ కొత్త డేటాకీ మధ్య పొంతన ఎందుకు చూడాలో వేరే పాఠం చెప్పక్కర్లేదు. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటుకీ, ‘ఫస్ట్ నేమ్’ అడిగే గడికీ మధ్య నలిగి, టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా పేరున్న పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. పేరు గడికి టెస్ట్ కేసులు రాయమంటే వాళ్ల దగ్గర్నుంచి వచ్చేవి ఏ పుస్తకంలోనూ దొరకవు.

తెలుగు వల్ల ప్రపంచమంతా ఒక బగ్‌ని చూసిన సంగతి ఇక్కడే చెబుతాను. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ‘జ’, పొల్లు, ‘ఞ’ కలిసిన ఒత్తక్షరం తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, దాని తర్వాత దీర్ఘం. ఆ వరసను తెర మీద గీయబోయి ఫోన్‌లోని అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేర్ మెమరీని పాడుచేసుకునేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని కూర్పులకీ అదే గతి పట్టిందని తర్వాత విశ్లేషించినవాళ్లు తేల్చారు. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐవోఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అంత పెద్ద సంస్థ పరీక్షల్లో ఆ వరస జల్లెడ దాటిపోయింది. ఒత్తులూ గుణింతాలూ కలిపి రోజూ టైపు చేసే పిల్లలకు, తమ లిపిని తామే పరీక్షించాలన్న పట్టుదల ఆ కథతో వస్తుంది. కాగితం మీద ఒత్తు మీద ఒత్తు పేర్చి, మధ్యలో ఖాళీలు దూర్చి, ఏ యాప్ ఎక్కడ తడబడుతుందో పందెం వేసుకుంటారు. ఈక్వివలెన్స్ పార్టిషనింగ్, అంటే ఒకేలా ప్రవర్తించే ఇన్‌పుట్లను గుంపులు కట్టడం, ఆ పందెంలో వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. పేరు మాత్రం నేను చెబుతాను.

ఇంత జరిగాక ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: “మేడం, ఎంత టెస్ట్ చేస్తే చాలు?” ఆ ప్రశ్న పిల్లల నోటినుంచి వచ్చేదాకా నేను బైజర్ పుస్తకం తెరవను. వచ్చాక అందులోని ప్రతి యూనిట్‌కీ పని దొరుకుతుంది. కోడ్‌లో ఏ దారులు ఇంకా నడవలేదో చూడటానికి ఫ్లోగ్రాఫ్ కావాలి. ఆన్, ఆఫ్, కరెంటు లేదు, సెన్సర్ పాడైంది అనే స్థితుల మధ్య ఏరియేటర్ ఎలా మారుతుందో చూడటానికి స్టేట్ గ్రాఫ్ కావాలి. పురుగుమందు వైరుధ్యం గురించి బైజర్ చెప్పిన మాట అయితే డెల్టా పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు. ఒకే రకం టెస్టులు మళ్లీమళ్లీ వాడితే అవి పట్టగలిగిన బగ్‌లు పోతాయి, వాటికి చిక్కనివి మిగిలిపోతాయి అంటాడాయన. వరిలో సుడిదోమ మీద అదే మందు ఏటా కొట్టి, చివరికి అది పనిచేయక తలపట్టుకున్న రైతుల ఇళ్లనుంచి వచ్చినవాళ్లు మా ముందు కూర్చుని ఉంటారు.

టెస్టులు గట్టివో కావో తేల్చడానికి మ్యుటేషన్ టెస్టింగ్ ఉంది. డిమిల్లో, లిప్టన్, సేవర్డ్ 1978లో రాసిన పేపర్‌తో ఇది వేళ్లూనింది. మంచి ప్రోగ్రామ్‌లో కావాలనే చిన్న తప్పు దూర్చాలి, మన టెస్టులు దాన్ని పట్టాయో లేదో చూడాలి. దీన్నే ఆటగా మార్చి, ఒక పక్షం కోడ్‌ని చెడగొట్టడం, రెండో పక్షం టెస్టులతో దాన్ని పట్టుకోవడంగా ‘కోడ్ డిఫెండర్స్’ తయారుచేశారు. యూరప్ విశ్వవిద్యాలయాల్లో దాన్ని పాఠాలకు వాడారు. మా ల్యాబ్‌లో బెంచీలను రెండు పక్షాలు చేసి, చెరువు ప్రోగ్రామ్ మీదే ఆడిస్తాం. ‘కంటే తక్కువ’ను ‘తక్కువ లేదా సమానం’ చేసి ఎదుటి పక్షం దాటించగలిగితే ఆ పూటంతా వాళ్లదే. గంట కొట్టినా కదలరు.

దొరికిన తప్పును రాయడం ఇంకో విద్య. ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది అనే మూడు ముక్కలు ముందు తెలుగులోనే రాయమంటాను. భాష అడ్డురాకపోతే ఆలోచన తేటపడుతుంది, ఇంగ్లీషులోకి తర్వాత వెళ్లవచ్చు. కూడని మాటలూ చెబుతాను. ‘చెత్త కోడ్’ అని రాయకూడదు, రాసినవాడి పేరెత్తకూడదు, ఊహను చూసినదానిగా రాయకూడదు. తన కాగితం చదివి పక్క బెంచీవాడు అదే తప్పును మళ్లీ తెప్పించగలిగితేనే మార్కు. మనిషిని నొప్పించకుండా పనిలోని లోపాన్ని తేటగా చెప్పగలగడం ఏ ఉద్యోగంలోనైనా అక్కరకొస్తుంది, మన సభల్లో, ఇళ్లలో కూడా.

ఇలా చెబితే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుందని తోటి అధ్యాపకులు అడుగుతారు. అరవైమంది ఉన్న తరగతి, వరసగా మిడ్‌లు, చివర్న యూనివర్సిటీ ప్రశ్నపత్రం ఉండగా ఆ ఆందోళన న్యాయమైనదే. నేను చూసినంతలో మొదట్లో పోయిన సమయం తర్వాత తిరిగొస్తుంది. పని తెలిసినవాడికి పద్ధతి పేరు గుర్తుంచుకోవడం సులువు. అమీర్‌పేటలో సెలీనియం అనే టెస్టింగ్ టూల్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. నేర్చుకోవాలి, కాదనను. సెలీనియం బటన్లు నొక్కిపెడుతుంది. ఏ బటన్ నొక్కితే ఏం రావాలో చెప్పాల్సింది మనిషే.

ఈమధ్య ఆ ప్రశ్న ఇంకో రూపంలో వస్తోంది. కోడ్ రాయమన్నా, దానికి టెస్టులు రాయమన్నా ఏఐ క్షణాల్లో రాసిపెడుతోంది కదా, ఇక ఈ చదువెందుకని. చెరువు ప్రోగ్రామ్‌లో మేం చూసిన ఇబ్బంది అక్కడ రెట్టింపవుతుంది. సగటు చాలనుకుని కోడ్ రాసిన ఏఐ, సగటు చాలనుకునే టెస్టులూ రాస్తే అన్నీ పాస్ అవుతాయి. మా రికార్డుల్లో వచ్చిన ఫలితాన్నే ఆశించిన ఫలితంగా రాసుకున్నట్టు ఉంటుంది అది. కోడ్ రాయడం చవకయ్యే కొద్దీ, ఏది సరైనదో తెలిసి అడ్డం నిలబడే మనిషి విలువ పెరుగుతుంది.

అందుకే సెమిస్టర్ మొదలయ్యే వారంలో పిల్లలకు ఒక పని ఇస్తున్నాను. మీ ఇంట్లోగానీ ఊళ్లోగానీ మీకు బాగా తెలిసిన ఒక పని ఎంచుకోండి, అందులో ఏది ఒప్పో ఏది తప్పో మీరు ఎవరి సాయం లేకుండా చెప్పగలగాలి, అంటాను. కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి 17 శాతం తేమ హద్దు గురించి ఒకరు రాసుకొస్తారు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో బస్తాల తూకం గురించి ఒకరు, చేపలు ఐసులో సర్ది కలకత్తా లారీ ఎక్కించేటప్పుడు వేసే లెక్క గురించి ఒకరు రాసుకొస్తారు. ఆ ఏడాది మా టెస్ట్ కేసులన్నీ వాటిమీదే నడుస్తాయి. ఈ సబ్జెక్టు చెప్పే తోటివారిని నేను కోరేది ఇంతే. వచ్చే సెమిస్టర్‌లో ఒక్క ప్రోగ్రామ్‌నైనా మీ పిల్లల ఊళ్లనుంచి తీసుకోండి, దాన్ని నడపకముందే ‘ఆశించిన ఫలితం’ గడి నింపించండి. ఆ గడిని చూడకుండా నింపగలిగిన పిల్లలను ఇక ‘టెస్టింగ్‌లో పడేయడం’ ఎవరి వల్లా కాదు. వాళ్లు ఆ పనిని కోరుకుని వెళ్తారు.